మేము దిద్దుకున్న ప్రసంగము



ఊరిలో ఉన్న మన సంఘస్థులకూ, పనుల కోసం, పిల్లల చదువుల కోసం ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళి స్థిరపడి ఫోనులో ఇవి చదువుకుంటున్న సహోదరీ సహోదరులకూ ఈ మాటలు రాస్తున్నాము. కంప్యూటరులో బైబిలు ఎలా చదవాలో రాయమని మన యౌవనస్థులు చాలాకాలంగా అడుగుతున్నారు. మేము నేర్పిన ఒక తప్పు గురించి మీకు రాయవలసిన బాకీ కూడా మా మీద ఉంది. చూస్తే ఈ రెండూ ఒకే సంగతి. అందుకని కలిపే రాస్తున్నాము. ఇందులో ఒక సహోదరి సంగతి వస్తుంది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాము. పేరు మాత్రం రాయడం లేదు.

మేము సెమినరీలో డిప్లొమా చదివిన రోజుల్లో గ్రీకు అంటే అక్షరమాల, ఓ యాభై మాటలు, పరీక్షకు కావలసిన నాలుగు వ్యాకరణ సూత్రాలు. సంఘ పితరుల గ్రంథాలు లైబ్రరీలో అద్దాల బీరువాలో తాళం వేసి ఉండేవి. ఆ తాళం అడగడానికే భయపడేవాళ్ళము. చదువు ముగించుకుని ఊరికి వచ్చాక మా దగ్గర మిగిలినవి తెలుగు బైబిలు, ఒక సహవాక్య నిఘంటువు, చేతిరాత నోట్సు పుస్తకాలు. వర్షాకాలంలో ఆ నోట్సులో సగం చెదలు తినేశాయి.

2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. ఊరి బస్సు దిగి రైలెక్కితే మూడో స్టేషను దిల్‌సుఖ్‌నగర్. అక్కడ కోచింగు బోర్డుల మధ్య ఒక సందులో, మెట్ల కింద చిన్న షాపులో 9,000 రూపాయలకు ఒక పాత లాప్‌టాప్ కొన్నాము. హాస్టలులో ఉండి చదువుకుంటున్న మన సంఘపు తమ్ముడు ఒకడు అందులో ఈ-స్వోర్డ్ ఎక్కించి ఇచ్చాడు. రిక్ మేయర్స్ అనే ఆయన 2000 సంవత్సరము నుండి ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రాము అది. బైబిలు తర్జుమాలు, వ్యాఖ్యానాలు, నిఘంటువులు పక్కపక్కన తెరుచుకుంటాయి. సంఘ పితరుల రచనల ఇంగ్లీషు సంపుటాలు కూడా ఉచితంగానే దొరికాయి. తాళం వేసిన ఆ బీరువా మా ఒడిలోకి వచ్చినట్టయింది. ఆ రాత్రి మేమిద్దరం, అంటే మా శ్రీమతీ మేమూ, మోకరించి దేవునికి స్తోత్రము చెల్లించాము.

అంత మంచి పనిముట్టును మేము ఎలా వాడామో ఇప్పుడు చెప్పాలి.

ఎల్.బి.నగర్‌లో నెలకొక శనివారం మనవారి ఇంట్లో కూడుకుంటామని మీకు తెలుసు. మూడంతస్తుల మీద రేకుల పెంట్‌హౌస్, చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు. ఒక శనివారం అక్కడ యోహాను 21వ అధ్యాయము 15 నుండి 17 వచనాల మీద ప్రసంగించాము. తిబెరియ సముద్రపు ఒడ్డున ప్రభువు పేతురును మూడుసార్లు అడిగిన సంగతి. గ్రీకులో అక్కడ ప్రేమకు రెండు క్రియలున్నాయి. మొదటి రెండుసార్లు ప్రభువు అడిగినప్పుడు అగపావో అనే మాట. పేతురు మూడుసార్లూ జవాబిచ్చింది ఫిలెయో అనే మాటతో. మూడోసారి ప్రభువు కూడా ఫిలెయో అనే అడిగాడు.

దీని మీద మేము ఒక మేడ కట్టాము. అగాపే అంటే దేవుని ప్రేమ, ఏమీ ఆశించనిది, తగ్గనిది. ఫిలియా అంటే మనుషుల ప్రేమ, మమకారం, అలిసిపోయేది. ప్రభువు పై మెట్టు అడిగాడు, పేతురు కింది మెట్టు మాత్రమే ఇవ్వగలిగాడు, చివరికి ప్రభువే కిందికి దిగాడు. "మన తెలుగు బైబిలులో అన్నిచోట్లా ప్రేమ అనే ఉంది కాబట్టి మీకిది కనబడదు, గ్రీకులో చూస్తేనే తెలుస్తుంది" అని కూడా అన్నాము. ఆఖరుకు, "మీ ఇంట్లో మీరు చూపిస్తున్నది ఏ ప్రేమో పరీక్షించుకోండి" అని ముగించాము. స్తోత్రములు గట్టిగా వినబడ్డాయి. మెట్లు దిగుతుంటే ఒక పెద్దాయన, "అయ్యగారూ, ఎంత లోతుకు పోయారండీ" అన్నారు. మాకు బాగా అనిపించింది.

తరువాతి నెల అక్కడే ప్రభువు బల్ల ఇచ్చాము. రొట్టె పళ్ళెము ఒక సహోదరి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె తీసుకోకుండా పక్కామెకు అందించింది. మేము గమనించలేదు. ఆపై నెల కూడా అలాగే చేసింది. ఈసారి మా శ్రీమతి చూసి, కూడిక అయ్యాక వంటగదిలోకి తీసుకెళ్ళి అడిగింది.

ఆమె అత్తగారికి కొన్నేళ్ళుగా మతిమరుపు జబ్బు. కోడలిని గుర్తుపట్టదు. రాత్రి రెండింటికి లేచి తలుపు కొడుతుంది, అన్నం తిన్న గంటకే అన్నం పెట్టలేదని ఏడుస్తుంది. ఈమె పగలు ఒక బట్టల షాపులో నిలబడి పనిచేసి వచ్చి, రాత్రి ఆ తల్లికి మలమూత్రాలు ఎత్తుతుంది. ఒక్కోసారి విసుక్కుంటుంది. ఒకసారి చెయ్యి కూడా విదిలించింది. ఆ తరువాత గోడకు ఆనుకుని ఏడ్చింది.

"యేసయ్య అడిగిన ప్రేమ ఒకటంట, నా కాడున్నది ఇంకోటంట గదమ్మా. అయ్యగారే చెప్పిండు. అసొంటి ప్రేమ నాకు రాదు. రానిదాన్ని బల్ల ముట్టుకుంటే తప్పు గాదా?" అని మా శ్రీమతితో అన్నదట.

ఇంటికి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు మొదట మేము సర్ది చెప్పుకున్నాము. ఆమె సరిగా అర్థం చేసుకోలేదు, ఒకసారి వెళ్ళి ప్రార్థన చేస్తే సరిపోతుంది అనుకున్నాము. ప్రసంగము తప్పేమో అన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

ఆ ఆలోచన తెప్పించింది లాప్‌టాప్‌లో ప్రోగ్రాము ఎక్కించిన ఆ తమ్ముడే. ఒక సాయంత్రం ఎల్.బి.నగర్ నుండి అతనితో కలిసి మెట్రోలో వెళ్తున్నాము. ఫోను తీసి, "అయ్యగారూ, ఒక్క డౌటండీ. మీరు చెప్పిన అగపావో ఇంకెక్కడెక్కడ ఉందో స్టెప్ బైబిల్‌లో వెతికాను. డేమా ఈ లోకాన్ని ప్రేమించి వెళ్ళిపోయాడని పౌలు రాశాడు కదండీ, రెండో తిమోతి 4:10. అక్కడా అదే మాట ఉంది. అది దేవుని ప్రేమ ఎలా అవుతుందండీ?" అన్నాడు.

మాకు కోపం వచ్చింది. సెమినరీ చదివింది మేమా నువ్వా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషను రావడం మంచిదయింది. అతను దిగిపోయాడు.

ఆ రాత్రి లాప్‌టాప్ తెరిచాము. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో అచ్చు వేసిన సహవాక్య నిఘంటువులో హెబ్రీ, గ్రీకు మాటలకు ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చాడు. గ్రీకులో అగపావో 25, ఫిలెయో 5368. గ్రీకు రాకపోయినా ఆ నంబరు కొడితే ఆ మాట ఉన్న వచనాలన్నీ వరుసగా వస్తాయి. అన్నేళ్ళుగా మా దగ్గర ఉన్నా, ఆ పని మేము ఒక్కసారి కూడా పూర్తిగా చేయలేదు. నిఘంటువులో అర్థము చూసుకోవడం, ప్రసంగానికి పనికొచ్చే ఒకటి రెండు వచనాలు ఏరుకోవడం, మూసేయడం. ఇంతే మా అధ్యయనము.

క్రొత్త నిబంధనలో అగపావో 143 సార్లు, ఫిలెయో 25 సార్లు ఉన్నాయి. యోహాను సువార్త ఒక్కదానిలో 37, 13. తెల్లవారుజాము దాకా ఒక్కొక్కటీ చదివాము.

తండ్రి కుమారుని ప్రేమిస్తున్నాడని 3:35లో అగపావోతో ఉంది. అదే సంగతి 5:20లో ఫిలెయోతో ఉంది. తండ్రి కుమారుని మీద చూపేది కింది మెట్టు ప్రేమా? యేసు ప్రేమించిన శిష్యుడు అన్నచోట 13:23లో ఒక మాట, 20:2లో ఇంకో మాట. లాజరు విషయములో 11:3లో ఫిలెయో, రెండు వచనాల తరువాత అగపావో, సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు చూసి యూదులు మాట్లాడుకున్నప్పుడు మళ్ళీ ఫిలెయో. తండ్రి తానే శిష్యులను ప్రేమిస్తున్నాడని ప్రభువు చెప్పిన 16:27లో ఫిలెయో.

మరో వైపు చూస్తే, మనుషులు వెలుగుకంటె చీకటిని ప్రేమించారన్న 3:19లో అగపావో. పరిసయ్యులకు సమాజమందిరాల్లో ముందు కుర్చీలంటే ఉన్న ప్రేమకు లూకా 11:43లో అగపావో, మత్తయి 23:6లో ఫిలెయో. పాత నిబంధన గ్రీకు తర్జుమాలో, రెండవ సమూయేలు 13లో తామారు మీద అమ్నోనుకు కలిగినది కూడా అగపావోయే. దాని తరువాత ఏం జరిగిందో మీకు తెలుసు.

మేము కట్టిన మేడ ఆ రాత్రి కూలిపోయింది. మాటలోనే పవిత్రత ఉందనుకున్నాము. ఎవరు ఎవరిని ఎందుకు ప్రేమించారన్నదే అసలు సంగతి. మన ఊళ్ళో తల్లి ఒకసారి "అన్నం తిన్నవా" అంటుంది, ఇంకోసారి "బువ్వ తిన్నవా" అంటుంది. రెండూ వేరే వేరే వంటలని ఏ బిడ్డా అనుకోడు. యోహాను రాసే పద్ధతే అది. ఆ మూడు వచనాల్లోనే గొఱ్ఱెపిల్లలు, గొఱ్ఱెలు అని మార్చాడు. మేపడం, కాయడం అని మార్చాడు.

పాతకాలపు వాళ్ళు ఏమన్నారో చూద్దామని సంఘ పితరుల సంపుటాలు తెరిచాము. నాలుగో శతాబ్దపు యోహాను క్రిసొస్తొము గ్రీకు తల్లిభాషగా ఉన్నవాడు. యోహాను సువార్త మీద ఆయన ప్రసంగాలు 88 ఉన్నాయి. ఈ చోటికి వచ్చినప్పుడు ఆయన రెండు క్రియల మీద ఏమీ కట్టలేదు. క్రీస్తు మీద ప్రేమ ఉందంటే ఆయన మందను చూసుకోవడంలో అది కనబడాలి అన్నదే ఆయన చూపించింది. అగస్టీను అయితే దేవుని పట్టణము అనే గ్రంథము 14వ పుస్తకము 7వ అధ్యాయములో ఇదే చోటు ఎత్తుకుని, లాటిన్ బైబిలులో ఇక్కడ ఉన్న రెండు మాటలకు తేడా లేదని, లేఖనాల్లో రెండూ మంచికీ చెడ్డకూ వాడబడ్డాయని వివరించాడు. మేము కొత్తగా కనిపెట్టామనుకున్న లోతును ఆయన 1,600 ఏళ్ళ క్రితమే పరీక్షించి పక్కన పెట్టాడు.

మేము చెప్పినట్టే చెప్పిన పండితులు లేకపోలేదు. 19వ శతాబ్దంలో ట్రెంచ్ వంటివారు ఈ రెండు మాటల తేడాను గట్టిగా పట్టుకున్నారు. ఇంగ్లీషు ఎన్.ఐ.వి. బైబిలు కూడా మొదట ఆ తేడా కనబడేలా తర్జుమా చేసింది. 2011 ప్రతిలో దాన్ని తీసేసి అన్నిచోట్లా ఒకే మాట పెట్టింది. ఇప్పటికీ తేడా ఉందనే పెద్దలున్నారు, వారిని మేము తప్పుపట్టము. కానీ మేము ఆ వాదాలు తూచి చెప్పలేదు. ఎక్కడో విన్నది, బాగుందని చెప్పాము. దాని బరువు మోసింది ఎల్.బి.నగర్‌లో ఒక అలిసిపోయిన మనిషి. మన తెలుగు బైబిలులో ఆ లోతు కనబడదని చెప్పాము. అది తర్జుమా చేసినవారు అన్నిచోట్లా ప్రేమ అని రాసి సరిగానే చేశారు. తెలుగు చదువుకున్న అమ్మమ్మలకు సరిగా అర్థమైన దాన్ని మేము గ్రీకు పేరు చెప్పి చెడగొట్టాము.

తప్పు తెలిసింది. దాన్ని అందరి ముందూ ఒప్పుకోవడం వేరే పని. ఆమెకు మాత్రం విడిగా చెప్పి ఊరుకుందామా అని రెండు వారాలు ఆలోచించాము. ఒక పెద్దను అడిగితే, "బోధకుడే తప్పు చెప్పానంటే రేపు మిగతా మాటలు ఎవరు నమ్ముతారు అయ్యగారూ?" అన్నారు. ఆ మాట మాకు హాయిగా అనిపించింది. అందుకే దాన్ని అనుమానించాము.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి సీనాయి ప్రతి చూశాము. నాలుగో శతాబ్దం నడిమిలో తోలు మీద గ్రీకులో రాసిన బైబిలు అది. ఎక్కువ భాగము, 347 ఆకులు, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మిగతావి లైప్‌జిగ్‌లో, సీనాయి కొండ దగ్గరి మఠములో, రష్యాలో ఉన్నాయి. నాలుగు చోట్ల ఉన్న ఆకులను ఫొటోలు తీసి 2009లో అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. యోహాను 21 ఉన్న పేజీ తెరిచి, చివరికి జరిపాము.

ఆ పేజీకి ఒక కథ ఉంది. రాసిన లేఖికుడు 24వ వచనముతో సువార్త అయిపోయిందనుకుని, కింద ముగింపు గీత అలంకారం వేసి, సువార్త పేరు రాసేశాడు. తరువాత ఇంకొక వచనము మిగిలిందని గ్రహించాడు. తాను వేసిన అలంకారాన్ని, తాను రాసిన పేరును కడిగేసి, అక్కడ 25వ వచనము రాసి, దాని కింద మళ్ళీ ముగింపు వేశాడు. బ్రిటిష్ మ్యూజియం ఆ ప్రతిని 1933లో కొన్న తరువాత అక్కడి మిల్న్, స్కీట్ అనే ఇద్దరు అతినీల లోహిత కాంతిలో పరీక్షించి, చెరిపిన గుర్తులు బయటపెట్టారు.

అది మేము తప్పుగా బోధించిన అధ్యాయమే. ఆ లేఖికుని పేరు ఎవరికీ తెలియదు. అందంగా ముగించిన పనిని చెరిపి దిద్దడానికి ఆయన సిగ్గుపడలేదు. సిగ్గుపడి ఉంటే ఆ ప్రతిలో ఒక వచనము పోయేది. ఆ దిద్దుబాటు వల్ల ఆ గ్రంథము విలువ తగ్గిందని ఎవరూ అనలేదు.

ఆ వచ్చే శనివారం పెంట్‌హౌస్‌లో ప్రసంగము ఎత్తుకోకముందే లేచి నిలబడి, "మూడు నెలల క్రితం ఇక్కడ మేము నేర్పినది సరి కాదు. ప్రభువు పేతురు ప్రేమను కింది మెట్టు అని తూచలేదు. పేతురు ప్రేమను తీసుకుని, దానికి పని అప్పగించాడు. మమ్మల్ని క్షమించండి" అని చెప్పాము. వచనాలన్నీ ఒక్కొక్కటీ చదివించాము. ఆ తమ్ముడు అడిగిన ప్రశ్న గురించి కూడా చెప్పాము. పౌలు చెప్పిన మాటలను బెరయవారు లేఖనాలతో సరిచూసుకున్నారు, వారిని లేఖనము ఘనులని చెప్పింది కదా (అపొ. కార్యములు 17:11). ఆ రోజు స్తోత్రములు గట్టిగా ఏమీ వినబడలేదు. ఎవరూ సంఘము విడిచి వెళ్ళలేదు కూడా.

ఎవరి కోసం చెప్పామో ఆ సహోదరి మాత్రం రాలేదు. అత్తగారికి జ్వరమట. కూడిక అయ్యాక రొట్టె, ద్రాక్షారసము తీసుకుని మేమిద్దరం వాళ్ళ గదికే వెళ్ళాము. మంచం పక్కన కూర్చుని లాజరు వచనాలు చదివాము. సమాధి దగ్గర ఏడ్చిన ప్రభువు ప్రేమకు, నీ దగ్గరున్నదనుకున్న ఆ ప్రేమ మాటే యోహాను వాడాడమ్మా అని చెప్పాము. చెయ్యి విదిలించిన సంగతి ఆమె మళ్ళీ చెప్పింది. అది తప్పు కాదని మేము అనలేదు. తప్పు చేసినవారి కోసమే కదా ఈ బల్ల అన్నాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత చేతులు కడుక్కుని వచ్చి రొట్టె తీసుకుంది. అత్తగారు, "ఈ పిల్ల ఎవరు?" అని మా శ్రీమతిని అడిగింది. "మీ కోడలమ్మా" అని చెప్పాము.

యౌవనస్థులారా, మీరు అడిగినదానికి ఇప్పుడు జవాబు. ఈ-స్వోర్డ్ కంప్యూటరులో ఎక్కించుకోండి. ఫోను మాత్రమే ఉన్నవారు కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్‌లో తయారైన స్టెప్ బైబిల్ వాడండి. రెండూ ఉచితమే. ఒక మాట అర్థము నిఘంటువులో చూసి ఆగిపోకండి, అది వచ్చిన వచనాలన్నీ చదవండి. మాట పుట్టుకను బట్టి అర్థము చెప్పే ప్రసంగాలతో జాగ్రత్త. శక్తికి గ్రీకులో ఉన్న దునామిస్ అనే మాటలోనుండి డైనమైటు వచ్చిందని మేమూ గట్టిగా అరిచి చెప్పినవాళ్ళమే. డైనమైటుకు నోబెల్ పేటెంటు తీసుకున్నది 1867లో. పౌలు మనసులో బాంబు లేదు. అన్నిటికంటె ముఖ్యంగా, మీకు నచ్చిన అర్థానికి సాక్ష్యము దొరికినప్పుడు కంప్యూటరు మూసేయకండి. దానికి అడ్డు చెప్పే వచనము కోసం ఇంకో గంట వెతకండి. దొరికితే మాకు చెప్పండి. మెట్రోలోనైనా సరే, ఈసారి కోపపడము.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, బోధించేవారికి కఠినమైన తీర్పు ఉందని యాకోబు రాసిన మాట మాకు జ్ఞాపకము చేయుము. మా చేతికి ఇచ్చిన పనిముట్లతో మమ్మల్ని మేము హెచ్చించుకోకుండా కాపాడుము. మా మాటల వల్ల నీ బల్లకు దూరమైనవారు ఇంకెవరైనా ఉంటే వారిని మాకు చూపించుము. రోగుల పక్కన రాత్రులు మేల్కొని ఉన్న నీ బిడ్డల ప్రేమను నీవు చిన్నచూపు చూడవు గనుక నీకు స్తోత్రము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.